రాతివలయములను కదలింపవలదు

మన కర్నూలు, కడప జిల్లాల మెట్టబీళ్లయందు పెద్ద గుండ్లను గుండ్రముగా పేర్చిన వలయములు అచ్చటచ్చట గానవచ్చును. వీనిని రాక్షసగుళ్లని కొందరు, పాండవులు కట్టిరని కొందరు చెప్పుదురు. చేనిగట్టునకై ఈ రాళ్లను పెకలించుటయు, అడుగున నిధి యున్నదని త్రవ్వుటయు నేటికిని మానలేదు. ఈ రెండును తగవని మా యభిప్రాయము.

ఇవి రాక్షసుల పనులు గావు. సుమారు మూడువేల యేండ్ల క్రిందటినుండి క్రీస్తుశకారంభము వరకు ఈ దేశమున నివసించిన జనుల సమాధులు. 1947వ సంవత్సరమున పురావస్తుశాఖాధిపతి వీలరు దొర చిత్రదుర్గము జిల్లాలోని బ్రహ్మగిరియందు ఇట్టివానిని శాస్త్రీయముగా త్రవ్వించెను. రాతిపలకల పెట్టెలు, ఎముకలు, నలుపును ఎరుపును గల కుండలు, ఇనుప పనిముట్లు బయల్పడెను. ఇట్టి సమాధులలో పలుచోట్ల కొడవండ్లును, గొడ్డండ్లును దొరకినవి. చనిపోయినవాని చెంత కొడవలి నుంచినవారు మనవంటి కృషీవలులు గాక మరెవరు?

పత్తికొండ ప్రాంతమున ఎర్రగుడి, రాజులమందగిరి గ్రామముల బండలపై అశోకచక్రవర్తి శాసనములు గలవు. వానిని చదివి ఆయన మాట తెలిసికొనుచున్నాము. వలయములు పేర్చినవారు మనము చదువదగిన వ్రాత విడువలేదు. ఏ రాయి ఎచ్చట నున్నది, ఏ కుండ ఏ దిక్కున నున్నది యనునదియే వారి వ్రాత. రాయి జరపిన ఆ వ్రాత చెరిగినట్లే. ఎచ్చట దొరకినదో తెలియని కుండ ఏమియు చెప్పజాలదు.

నేల చాలనివానికి ఈ ధర్మములేల యని కొందరడుగవచ్చును. లెక్క చూతము. 30 అడుగుల అడ్డుకొలత గల వలయము ఆక్రమించు నేల రెండు సెంట్లకు లోపే. గొర్రును దాని చుట్టు త్రిప్పిన చాలును. గట్టునకు చేనిలో ఏరిన రాళ్లుండనే యున్నవి. మన ఎర్రనేలల వానికి కొదువ లేదు. ఇక నిధి మాట. 1878వ సంవత్సరపు చట్టము ననుసరించి 10 రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెను, దాచినవాడు శిక్షార్హుడు. కావున రాత్రివేళ త్రవ్వువానికి దక్కునది పగిలిన పెంకులును, కేసును మాత్రమే.

సర్వేరాయి జానెడు జరిగినను కోర్టుకెక్కు మనము, పూర్వులు నాటిన రాళ్ల విషయమున ఉపేక్ష వహింపరాదు. కోడుమూరు చుట్టుపట్ల సభ్యులు తమ గ్రామమున వలయములున్నచో వాని సర్వేనంబరు, రాళ్ల సంఖ్య, అడ్డుకొలత వ్రాసి రాబోవు సంఘసభకు తేవలెనని కోరుచున్నాము. ఆ పట్టికను తహశీలుదారునకును, పురావస్తుశాఖకును పంపుట మన సంఘమునకు కష్టమైన పని గాదు.