కూలి పోయింది, కుట్టు మిగిలింది

కొంపల్లి (మా విలేకరి): మేడ్చల్ రోడ్డు పొడవునా ఫంక్షన్ హాళ్ళు, బట్టల షాపులు పెరిగిన కొద్దీ వెనక వీధులలో ‘ఇచ్చట జాకెట్లు కుట్టబడును, మగ్గం వర్క్ చేయబడును’ అనే బోర్డులు కూడా పెరిగాయి. ఆడవారిలో వ్యాపార ఉత్సాహం పెరిగిందని సభలలో పెద్దలు చెబుతుంటారు. అసలు కారణం వేరు.

ఒకప్పుడు ఈ ప్రాంతం అనాబేషాహీ ద్రాక్షకు పేరుపొందింది. తోటలలో, పొలాలలో ఆడకూలీలకు పని దొరికేది. తోటలు ప్లాట్లయ్యాయి. 2018లో కొంపల్లి మునిసిపాలిటీ అయింది. భూమి అమ్ముకున్నవారికి డబ్బయినా చేతికొచ్చింది. ఆ భూమిలో కూలి చేసుకున్న ఆమెకు ఏమీ రాలేదు. ఇక అపార్టుమెంట్లలో పాచిపని, కంపెనీలో షిఫ్టు, లేదంటే ఇంట్లో కుట్టు మిషను. బడి నుంచి పిల్లలు వచ్చేసరికి ఇంట్లో ఉండవలసిన తల్లి మిషను వైపే మొగ్గుతుంది. పైగా ‘పనిమనిషి’ అనిపించుకోవడం కంటే ‘టైలరమ్మ’ అనిపించుకోవడంలో మర్యాద ఉంది. ఈ మర్యాద సంగతి రాయడానికి లోను దరఖాస్తులో గడి ఉండదు.

అప్పుకు దారులు లేకపోలేదు. డ్వాక్రా 1982లోనే మొదలైంది. 2015లో వచ్చిన ముద్ర కింద ‘శిశు’ రుణం 50 వేల వరకు ఇస్తారు. 2023 నాటి విశ్వకర్మ పథకంలో దర్జీలకు పనిముట్ల కోసం 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల వరకు అప్పు ఉన్నాయి.

చిక్కంతా గిరాకీ దగ్గరే. జాకెట్ల పని పెళ్ళిళ్ళతో ముడిపడినది. ముహూర్తాలుంటే అర్ధరాత్రి దాకా మిషను ఆగదు. మూఢం, ఆషాఢం వస్తే పని పడిపోతుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. వీధికి నలుగురు కుట్టేవారుంటే కూలి తగ్గించుకోక తప్పదు. మగ్గం పనిలో మరీ అన్యాయం. షాపువారు ఆర్డరు పట్టి ఇళ్ళకు పంచుతారు. పెళ్ళివారు ఇచ్చే సొమ్ములో సూది పట్టిన చేతికి దక్కేది కొంతే.

2024లో రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడి పిల్లల యూనిఫారాల కుట్టును మహిళా సంఘాలకు అప్పగించింది. అప్పుతో సరిపెట్టకుండా పని కూడా చూపింది కనుక దీనిని మెచ్చుకోవాలి. అయితే అది బడులు తెరిచే ముందు కొద్ది వారాల పనే. ఆస్పత్రుల దుప్పట్లు, హాస్టళ్ళ దిండు గలీబులు కూడా ఈ సంఘాలకే ఇస్తే ఆషాఢంలోనూ మిషను తిరుగుతుంది.