ఎగిరెడి పక్షికి ఎట్టి కెమెరా?

ఆకాశములో ఎగిరెడి పక్షిని ఫొటో తీయవలెనను కోరిక కలిగినవాడు మొట్టమొదట అడుగు ప్రశ్న, ఏ కెమెరా కొనవలెనని. అంగడివాడు దానికి సంతోషముగా సమాధానము చెప్పును. కాని ఈ విద్యకు మొదటి దారి వేసినవారు వేరొక ప్రశ్నతో బయలుదేరిరి. పక్షి రెక్కను క్రిందికి కొట్టునప్పుడు అది ఏ వంపు తిరుగును? మీదికి ఎత్తునప్పుడు ఈకలు ఎట్లు విడివడును? ఈ సంగతి తేల్చుటకు తగిన పనిముట్టు ఏ అంగడిలోను లేనందున దానిని వారే తయారు చేసికొనవలసి వచ్చెను. నేడు పనిముట్టు సిద్ధముగా నున్నది. ప్రశ్న కనబడుట లేదు. పాఠశాలలలో ప్రకృతి సంఘములు నడపు ఉపాధ్యాయులు ఈ తారుమారును గూర్చి కొంచెము ఆలోచింపవలసి యున్నది.

ఫ్రాన్సు దేశీయుడైన ఎతియెన్ జూల్ మారే (1830-1904) చదివినది వైద్యము. గుండె కొట్టుకొనుటను, నాడి ఆడుటను కాగితముపై గీతలుగా దింపు యంత్రములను నిర్మించి పేరు గడించినవాడు. గుండె నుండి ఆయన దృష్టి రెక్కకు మరలెను. పక్షికి చిన్న పట్టీ తొడిగి, సన్నని రబ్బరు గొట్టముల మూలమున దాని రెక్కల కదలికను కాగితముపైకి రప్పింప జూచెను. గీత వచ్చెను గాని, గొట్టములు మోయుచు ఎగురు పక్షి స్వేచ్ఛగా ఎగురు పక్షితో సమానమా అను సందేహము మిగిలెను. ఇంతలో 1878 లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనునతడు పరుగెత్తెడి గుర్రమును వరుసగా నిలిపిన కెమెరాలతో ఫొటోలు తీసెను. ఆ బొమ్మలను ఒక ఫ్రెంచి పత్రికలో చూచి మారే వెంటనే సంపాదకునకు లేఖ వ్రాసి, పక్షుల కొరకు ఫొటో తీయు తుపాకి వంటిది కావలెనని తన కోరిక వెల్లడించెను. గుర్రము ఏ బాటను పోవునో ముందుగానే తెలియును కనుక బాట ప్రక్కను కెమెరాలు నిలుపవచ్చును. పక్షికి అట్టి బాట లేదు. కెమెరాయే దాని వెంట తిరుగవలెను.

1882 లో ఆ తుపాకి ఇటలీలోని నేపుల్స్ నగరమున సిద్ధమయ్యెను. 1874 లో శుక్రగ్రహము సూర్యబింబమును దాటుటను ఫొటో తీయుటకై జాన్సెన్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు వాడిన పరికరము దీనికి పెద్దన్న వంటిది. గొట్టములో కటకము, తూటాలుండవలసిన చోట గుండ్రముగా తిరుగు గాజు పలక. మీట నొక్కినచో ఒక్క సెకనులో 12 బొమ్మలు పడును. ఒక్కొక్క బొమ్మకు వెలుతురు తగులు కాలము సెకనులో 720 వ వంతు. తుపాకి భుజమున మోపి సముద్రపు ఒడ్డున పక్షులకు గురి పెట్టి, ఒక్కదానినైనను కూల్చకయే ఇంటికి మరలిపోవు ఆ పెద్దమనిషిని జూచి చుట్టుప్రక్కలవారు వెఱ్ఱివాడని నవ్వుకొనిరని చెప్పుదురు.

ఇంత వరకు ఈ కథ చాలమంది చెప్పుచుందురు. తరువాతి భాగమునే ఉపాధ్యాయులు పిల్లలకు ముఖ్యముగా చెప్పవలెను. తుపాకి ఇచ్చిన బొమ్మలు మిక్కిలి చిన్నవి. పక్షి నీడవలె తోచుచుండెను. రెక్క వంపు తెలియుటకు అవి చాలవు. లోకమంతయు మెచ్చిన ఆ పరికరమును మారే ప్రక్కన పెట్టెను. పారిస్ చేరి, నల్లని తెర ముందు తెల్లని పక్షులను ఎగురవేసి, ఒకే పలకపై వెంటవెంటనే పలు బొమ్మలు పడునట్లు వేరొక పద్ధతిని కల్పించెను. కొంగ, పావురము, గూడబాతు అన్నియు ఆ తెర ముందు ఎగిరినవే. సముద్రపు పక్షి రెక్కల భంగిమలను వరుసగా కంచుతో పోత పోయించెను. 1890 లో పక్షుల ఎగురుటను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. ప్రశ్నకు అక్కరకు రాని పనిముట్టు ఎంత వింతదైనను ఆయనకు అక్కరలేకపోయెను.

జర్మనీలో ఆటొమార్ అన్షూట్స్ 1884 లో గూటికి వచ్చిపోవు కొంగలను ఫొటోలు తీసెను. ఆయన ఫొటోలను జూచి మురిసినవారు పలువురు. కొంగ ఎగురుటను పరీక్షించి 1889 లో గ్రంథము వ్రాసి, పిమ్మట తానే రెక్కలు కట్టుకొని కొండ మీది నుండి గాలిలో తేలిన లీలియెన్‌తాల్ ఎగురుటను కూడ 1893 ప్రాంతములో అన్షూట్సే ఫొటో తీసెను. కొంగను జూచిన కెమెరాయే కొంగను అనుకరించు మనిషిని కూడ జూచెనన్నమాట.

ఇక నేటి సంగతి. మారే తుపాకి సెకనుకు 12 బొమ్మలు తీసినది గదా. నేడు సామాన్యమైన మంచి కెమెరా 20 తీయును. 2023 లో సోనీ సంస్థ ప్రకటించిన యొక కెమెరా సెకనుకు 120 తీయగలదు. పక్షి కన్ను ఎక్కడున్నదో యంత్రమే పోల్చుకొని దానిపై దృష్టి నిలుపును. మీట నొక్కుటకు ముందటి క్షణములోని బొమ్మలను సైతము దాచి ఇచ్చు కెమెరాలు వచ్చినవి. కొంగ కొమ్మను విడిచిన తరువాత మేల్కొన్న వ్రేలికి కూడ ఫలము దక్కును! ఇవి నిజముగా గొప్ప సౌకర్యములే. చేయి వణకు పెద్దవారికిని, క్రొత్తగా నేర్చు పిల్లలకును ఇవి చేయు మేలు చిన్నది కాదు. వీనిని నిందించుట పాతకాలపు మొండితనము మాత్రమే.

అయినను లెక్క వేసి చూడవలెను. సెకనుకు 10 మీటర్లు పోవు వానకోవెలను సెకనులో 100 వ వంతు కాలము వెలుతురు తగులునట్లు ఫొటో తీసినచో, ఆ కొంచెము కాలములోనే అది 10 సెంటీమీటర్లు జరిగిపోవును. బొమ్మలో పిట్ట బదులు చార కనబడును. 1000 వ వంతు అయినచో 1 సెంటీమీటరు, 2000 వ వంతు అయినచో అర సెంటీమీటరు. రెక్క కొన దేహము కంటె వేగముగా కదలును గనుక దానికి ఇదియు చాలకపోవచ్చును. ఈ లెక్కను ఎనిమిదవ తరగతి పిల్లవాడు బల్ల మీదనే చేయగలడు. కెమెరా వేగము ఎంత కావలెనో ఆ లెక్క చెప్పినంత స్పష్టముగా ఏ ప్రకటనయు చెప్పదు.

కటకము విషయములో భ్రమ ఇంకను ఎక్కువ. 600 మిల్లీమీటర్ల పెద్ద కటకము మూడు కిలోల బరువు, పది లక్షల రూపాయలకు మించిన వెల. అది ఉన్నచో ఏ పిట్టయైనను చిక్కునని కుఱ్ఱవాండ్రు కలలు గందురు. చేయి ముందుకు చాపి రెండు వ్రేళ్ళు చేర్చి చూచినచో ఎంత ఆకాశము మూయబడునో, ఆ కటకము చూపునది ఇంచుమించు అంతే. పది మీటర్ల దూరములో అడ్డముగా పోవు వానకోవెల ఆ కిటికీని సెకనులో 17 వ వంతు కాలములోనే దాటిపోవును. చూచి మీట నొక్కుటకు మనుష్యునకు సెకనులో అయిదవ వంతైనను పట్టును. అంతలో పిట్ట రెండు మీటర్ల దూరము పోయి యుండును. దూరమున నెమ్మదిగా తేలు గద్దకు ఆ కటకము తగును. దగ్గరగా చెలరేగు పిట్టకు 300 మిల్లీమీటర్లదే మేలు. నాలుగు వ్రేళ్ళ ఆకాశము చూపును గనుక పిట్ట అందులో కొంచెము సేపైనను నిలుచును. అనగా ఏ కటకము కొనవలెనో చెప్పునది పక్షియే. తన ఊరి పక్షులు ఎట్లెగురునో తెలియనివాడు కొన్నది పొరుగువాని కటకమే యగును.

యంత్రమే దిక్కైన సందర్భములు లేకపోలేదు. అమెరికా ఖండములలో మాత్రమే ఉండు హమ్మింగ్ బర్డు రెక్కలు సెకనుకు పదులకొద్ది మారులు కొట్టుకొనును. కంటికి అవి పొగవలె కనబడును. (మన పెరటిలోని తేనెపిట్టను జూచి హమ్మింగ్ బర్డు వచ్చినదని చెప్పు పిల్లలను ఉపాధ్యాయులు దిద్దవలెను.) గ్రీన్‌వాల్ట్ అను అమెరికా దేశీయుడు మెఱుపు వంటి కొత్త దీపములతో ఆ రెక్కలను నిలిపి పట్టి 1960 లో గ్రంథముగా ప్రకటించెను. ప్రశ్న అట్టిది గనుక పనిముట్టు కూడ అట్టిదే కావలసి వచ్చెను.

మన యూరి చెరువు గట్టున అంతటి అవసరము అరుదు. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటిపై ఒక్కచోట రెక్కలాడించుచు నిలిచి, తల కదలింపక చేపను జూచి, పిమ్మట దూకును. ఆ నిలుకడ తెలిసినవానికి సాధారణమైన కెమెరాతోనే బొమ్మ దక్కును. పచ్చని పసిరికపిట్ట తీగ మీది నుండి లేచి తూనీగను పట్టి మరల చాల మారులు ఆ తీగకే వచ్చును. తీగకు గురి పెట్టి కూర్చున్నవానికి పిట్టయే ఎదురు వచ్చును. పెద్ద పక్షులు సాధారణముగా గాలికి ఎదురుగా లేచును, ఎదురుగానే దిగును. కనుక గాలియు ఎండయు వీపునకు తగులునట్లు నిలువవలెను. లేచుటకు ముందు గద్ద ముందునకు వంగును. పెక్కుమార్లు రెట్ట కూడ వేయును. రెట్టను జూచి మీటపై వ్రేలు పెట్టు విద్యను ఏ సంస్థయు అమ్మదు.

ఇంతకంటె గంభీరమైన విషయము ఒకటి కలదు. పక్షి ఎగురు వరకు వేచియుండు ఓపిక లేనివారు దానిని ఎగురగొట్టుచున్నారు. చప్పట్లు కొట్టుట, రాయి విసరుట, పడవను గుంపులోనికి నడపుట, ఇటీవల డ్రోనును మీదికి పంపుట, ఇవన్నియు ఒక్క బొమ్మ కొరకే. పులికాట్ సరస్సున చలికాలములో మేయు రాజహంసలు గుంపుగా లేచినచో ఎఱ్ఱని రెక్కలు ఆకాశమంతయు పరచుకొనును, చూచుటకు కన్నులపండువే. కాని బెదరి లేచిన ప్రతిసారియు అవి మేత విడిచి లేచినవే, దూరప్రయాణమునకు దాచుకొనవలసిన సత్తువను వ్యర్థము చేసినవే. నేలపట్టు, ఉప్పలపాడు, తేలినీలాపురములలో గూళ్ళు కట్టు గూడబాతుల, కొంగల సంగతి మరింత కష్టము. తల్లి లేచిపోయినచో ఈకలు రాని పిల్ల ఎండలో మాడును. గ్రుడ్డు కాకి పాలగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షి గూటిని గాని గ్రుడ్లను గాని కలతపెట్టుటను కూడ వేట యను మాట క్రిందనే చేర్చినది. తుపాకి పట్టిన మారే వేటకాడు కాలేదు. కెమెరా పట్టినవాడు చట్టము దృష్టిలో వేటకాడు కావచ్చును.

భాష కూడ ఇక్కడ కొంత సాక్ష్యము చెప్పుచున్నది. ఇంగ్లీషువారు ఫొటో తీయుటకును తుపాకి పేల్చుటకును ఒకే క్రియ వాడుదురు. ఆ అలవాటుతో మన కుఱ్ఱవాండ్రును పిట్టను షూట్ చేసితిమనుచున్నారు. తెలుగున ఫొటో తీయుట, తెలంగాణమున ఫొటో దింపుట. ఫొటో తీయించుకొనువాడు ఫొటో దిగును. దిగుట యన్నది తన యిష్టముతో చేయు పని. పిట్ట ఫొటో దిగుటకు రాలేదు. తన తిండికై వచ్చినది. దాని యిష్టమునకు విరుద్ధముగా దానిని లేపి తీసిన బొమ్మలో కనబడునది ఎగురుట కాదు, పారిపోవుట. రెక్క కొట్టు తీరు, మెడ చాచు తీరు, గుంపు కుదురుకొను తీరు అన్నియు వేరుగా నుండును. శాస్త్రము కొరకైనను అందము కొరకైనను అది తప్పుడు సాక్ష్యము. నలుడు చేత చిక్కిన హంసను విడిచిన పిమ్మటనే గదా అది అతని పని చేసిపెట్టినది!

గూటి చెంతకు పోవుట మనిషికి కూడ క్షేమము కాదు. ఇంగ్లండునకు చెందిన ప్రసిద్ధ ఫొటోగ్రాఫరు ఎరిక్ హాస్కింగ్ 1937 లో రాత్రివేళ గుడ్లగూబ గూటి కడకు పోగా ఆ పక్షి దాడి చేసినందున ఒక కన్ను కోల్పోయెను. మిగిలిన కంటితో ఆయన దశాబ్దముల కొలది పక్షులను ఫొటో తీసెననుట నిజమే. గుడ్లగూబకు మాత్రము దానిలో దోషము లేదు.

కెమెరాయే లేనిచో నేటి పిల్లలు పక్షుల వంక చూడనే చూడరని వాదించువారు కలరు. ఈ వాదములో కొంత బలమున్నది. బొమ్మ చేతికి వచ్చినచో పక్షి పేరు తేల్చుకొనుట సులభము. ఇంటికి పోయి తల్లిదండ్రులకు చూపుట వలన ఉత్సాహము పెరుగును. అయితే తరగతిలో నలువది మంది ఉందురు, కెమెరా ఒక్కటి. అది తెలివైన ఒకరిద్దరి మెడలో వ్రేలాడును. తక్కినవారు వారి వెనుక నిలిచి తెర మీది బొమ్మను చూతురు, ఆకాశమును చూడరు. పెద్ద కటకమునకు పెట్టు ధనములో చిన్న భాగముతోనే ఆరు బైనాక్యులర్లు వచ్చును. వాటిపై 8x42 అని వ్రాసియుండిన చాలును: ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపును, ముందరి అద్దము 42 మిల్లీమీటర్ల వెడల్పు, ఉదయపు మసకవెలుతురులోను పని చేయును. ఒక్కొక్క బైనాక్యులరునకు ఒక నోటుపుస్తకము. పసిరిక ఏ తీగకు ఎన్నిమారులు తిరిగివచ్చెను, లకుముకి ఎన్ని దూకుళ్ళకు ఎన్ని చేపలు పట్టెను, గాలి ఏ వైపు నుండి వీచెను అని ఒక శీతకాలము వ్రాయించినచో, ఆ పుస్తకములోనే ఎట్టి కెమెరా కావలెనో తేలును. అప్పుడు కొనవచ్చును, పది రోజులకు అద్దెకు తెచ్చుకొన్నను చాలును.