మా ఆడోళ్ల గర్భసంచుల లెక్కేది?

మర్కూక్ పక్కన కొండపోచమ్మ సాగర్‌లో ఎన్ని నీళ్లు పడతయని అడిగితే, 15 టీఎంసీలని మా బడిపోరగాండ్లు కూడా చెప్తరు. మా వాడలల్ల ఎంతమంది అక్కచెల్లెండ్లకు నలభై ఏండ్లు నిండకముందే గర్భసంచి తీసేసిండ్రు అంటే మాత్రం ఏ కాగితంలోనూ మాకు కనబడలేదు.

మా వాడ చెల్లె ఒకామె సంగతి చెప్తం. పేరు రాయం. 29 ఏండ్లు, ఇద్దరు పిల్లలు, కలుపు కూలి. తెల్లబట్ట అయితుందని, నడుము గుంజుతుందని ఆర్‌ఎంపీ దగ్గరికి పోయింది. ఆయన పట్నంల ఒక ప్రైవేటు దవాఖానకు తోలిచ్చిండు. స్కానింగు తీసి "సంచికి పుండయింది, ఉంచుకుంటే క్యాన్సరయితది" అన్నరు. మూడో రోజు సంచి తీసేసిండ్రు. ముందు గోలీలు వాడి చూద్దామని ఒక్కరన్నా అనలేదు. ఖర్చు నలభై వేలు, నూటికి మూడు రూపాయల మిత్తి. ఇయ్యాల ఆమెకు ఒళ్లంతా సెగలు, మోకాళ్లు పట్టేస్తున్నయి, నాట్లకు వంగలేకపోతుంది. ఇచ్చిన కాగితం మేం చదివినం. ఆపరేషన్ పేరుంది. ఎందుకు చేసిండ్రో లేదు, అండాశయాలు ఉంచిండ్రో తీసిండ్రో లేదు.

ఇది ఒక్క చెల్లె గోస కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. తెలుగు ఆడవాళ్లకే దేవుడు చెడ్డ సంచులిచ్చిండా?

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన ఇట్లాంటి కోతల మీద నరేంద్ర గుప్తా అనే డాక్టరు 2013లో సుప్రీంకోర్టుకు పోయిండు. బలైనవాళ్లలో ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, బీసీ ఆడవాళ్లేనని ఆ కేసులో తేలింది. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్ 5న కోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లాల్లో కూడా పర్యవేక్షణ కమిటీలు ఉండాలె. సిద్దిపేట జిల్లా కమిటీలో ఎవరున్నరు, ఎన్నిసార్లు కూసున్నరు? మేం అడుగుతున్నం, జవాబు చెప్పుండ్రి.

"ఇది పేదరికం సారూ, కులం యాడికెల్లి తెస్తరు" అనే పెద్దమనుషులున్నరు. పేదరికం లేదని మేమనం. కానీ 2001-02లో 11 రాష్ట్రాలల్ల, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా, 565 ఊర్లు తిరిగి చూస్తే నూటికి 33 ఊర్లల్ల ఆరోగ్య సిబ్బంది దళితుల ఇండ్లకు రామన్నరు. అది పేదరికమా? సంఘమిత్ర ఆచార్య 2010లో గుజరాత్, రాజస్థాన్ దళిత పిల్లల మీద చేసిన పరిశోధన ఉంది. మందిచ్చిన 1,298 సార్లలో 1,181 సార్లు ఆ పిల్లలకు వివక్షే ఎదురైంది. మందుగోలీ కూడా అంటరానిదేనా?

అంబేద్కర్ ఒక దళిత పంతులు ఉత్తరాన్ని తన రాతల్లో చేర్చిండు. అది 1929లో యంగ్ ఇండియాలో అచ్చయింది. కాఠియావాడ్‌లో ఆ పంతులు పెండ్లాం బాలింత, జబ్బు పడ్డది. డాక్టరు వాడలోకి రానన్నడు. రెండు రూపాయల ఫీజు మాట్లాడుకుని, బాలింతను వాడ బయటికి తెప్పించిండు. థర్మామీటర్ ఒక ముస్లిం చేతికిచ్చిండు, ఆయన పంతులుకు, పంతులు పెండ్లానికి. తిరిగి అదే దారిన డాక్టరు దగ్గరికి పోయింది. ఆమె బతకలేదు. ఆ పంతులు మాలాంటోడే, చదువుకుని పాఠాలు చెప్పేటోడే. చదువు ఆయనకు అక్కరకు రాలేదు.

అప్పుడు ముట్టుకోనన్నోళ్లు ఇప్పుడు కత్తిపట్టి ముట్టుకుంటున్నరు. తేడా ఏందంటే, ఇప్పుడు మన ఒంటి మీద పైసలున్నయి.

అమెరికాలో నల్లవాళ్లను కూడా ఇట్లనే చూసిండ్రు. టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకు పెన్సిలిన్ వచ్చినంక కూడా ఇయ్యకుండా, రోగం ఎట్ల ముదురుతదో చూసుకుంట కూసున్నరు. అయితే అక్కడ ఒక పని జరుగుతుంది: జాతి వారీగా సావులు లెక్కపెడతరు. 2023లో లక్ష కాన్పులకు నల్లజాతి తల్లులు 50 మంది పోతే, తెల్లవాళ్లు 15 మందికి లోపే. లెక్క ఉంది కాబట్టి నిలదీస్తున్నరు. మన దగ్గర బాలింత సావుల లెక్క రాష్ట్రాల వారీగా వస్తది, కులం వారీగా రాదు. గర్భిణుల రిజిస్టర్‌లో కులం గడి ఉంది, నింపుతున్నరు. సచ్చిపోయినంక ఆ గడి ఎటు పోతది?

తెలంగాణ సర్కారు 2024 నవంబర్‌ల ఇల్లిల్లూ తిరిగి కులాలు లెక్కపెట్టింది. మనం నూటికి 17.43 మందిమని తేల్చింది. లెక్కపెట్టొస్తదని తెలిసిపోయింది కదా. బాలింత సావులు, పసిపిల్లల సావులు, గర్భసంచి ఆపరేషన్లు కులం వారీగా, మండలం వారీగా అచ్చేసి దవాఖాన గోడకు అంటించాలె, ప్రైవేటువి కూడా.

సర్కారు అంటించేదాకా మేం కూసోం. మర్కూక్ నుంచే మొదలుపెడుతున్నం. మాదిగవాడ, మాలవాడ, తండా, ఏదీ వదలం. మన అక్కలే మన అక్కలను అడుగుతరు. పేర్లు రాయరు. ఏ వయసుల తీసిండ్రు, ఏ రోగమని చెప్పిండ్రు, ఎవరు తోలిచ్చిండ్రు, ఎంతయింది, కాగితమిచ్చిండ్రా, ఇంతే. పాత స్కానింగు చీటీలు, దవాఖాన కాగితాలు పారేయకుండ్రి. సందుగల అడుగున ఉన్నా తీసి పెట్టుండ్రి, వచ్చే పక్షం మనోళ్లు మీ ఇంటికి వస్తరు.