తల్లి పేరు గడి



"మా తాతగారు ఏ సంవత్సరము బాప్తిస్మము పొందారో, అంతకు ముందు ఆయన పేరేమిటో మా ఇంట ఎవరికీ తెలియదు. తెలిసికొనే మార్గము ఏదైనా ఉన్నదా అమ్మా?" అని నర్సంపేట వైపు నుండి ఒక సహోదరి జాబు వ్రాసింది. ఇట్టి జాబులు ఈ మధ్య ఎక్కువయ్యాయి. అందుకని ఈ నెల పిల్లల చదువులు, వంటింటి సంగతులు ప్రక్కన పెట్టి దీనిని గురించే వ్రాస్తున్నాను. మార్గము ఉన్నది. అయితే దారి చూపించేవారే ఒక్కొక్కసారి దారి తప్పిస్తారు. నేనే ఒకసారి తప్పించాను. ఆ సంగతి కూడా దాచకుండా చెబుతాను.

మేము ఉండేది సుబేదారిలో. నైజాము కాలములో వరంగల్ సుబాకు పెద్ద అధికారియైన సుబేదారు ఇక్కడ ఉండేవాడు గనుక ఆ పేరు నిలిచిపోయింది. నేను బడి పని విరమించిన సంవత్సరము మా పాస్టరుగారు చెదలు పట్టిన బాప్తిస్మపు రిజిస్టరు ఒకటి సంచిలో పెట్టుకొని వచ్చి, "అమ్మా, మీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, దీనికి ఒక నకలు వ్రాసి పెట్టండి" అన్నారు. ఆ వర్షాకాలమంతా దానికే సరిపోయింది. వ్రాస్తూ ఉండగా సంగతి నలుగురికీ తెలిసింది. సర్టిఫికెట్ల కోసం, భూమి కాగితాల కోసం పల్లెల నుండి సుబేదారి ఆఫీసులకు వచ్చినవారు పని కాక, ఎండకు మా వసారాలో కూర్చొని, "మా తాత పేరు అందులో ఉన్నదేమో చూడు టీచరమ్మా" అనడం మొదలు పెట్టారు. అప్పటి నుండి శనివారము మధ్యాహ్నము ఆ పనికే. మా వెనుక వీధిలోని ఉర్దూ మాస్టారు కూడా వచ్చి కూర్చుంటారు. నైజాము నాటి కాగితము ఏది వచ్చినా చదివి పెట్టేది ఆయనే. ఇద్దరమూ పైసా పుచ్చుకోము. ఎవరైనా సొరకాయో, పెసళ్ళో తెస్తే మాత్రము కాదనము.

మా సంఘ పెద్ద ఒకాయన, "వంశావళులను గూర్చి పౌలు తిమోతికి ఏమి వ్రాశాడో మరచిపోయావా అమ్మా?" అని ఒకసారి గద్దించారు. మరచిపోలేదు. అయితే ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో, చెర నుండి తిరిగి వచ్చినవారిలో కొందరు యాజకులు తమ వంశపు పట్టికలో పేరు వెదకి, దొరకక, యాజక ధర్మమునకే దూరమైన సంగతి కూడా ఉన్నది. పేరు దొరకకపోవడము అంటే ఏమిటో వారికి తెలుసు. మత్తయి మొదటి అధ్యాయమును ఎన్నిసార్లు చదివినా నాకు ఒక మాట దగ్గర ఆగాలనిపిస్తుంది. తామారు, రాహాబు, రూతు పేర్లు వ్రాసిన ఆయన బత్షెబ దగ్గరకు వచ్చేసరికి ఊరియా భార్య అని మాత్రమే వ్రాసి వదిలాడు. మన రిజిస్టర్లలోనూ అంతే. "ఫలానావాని భార్య" అని వ్రాసి ఊరుకున్న పుటలు ఎన్నో ఉన్నాయి.

మూడేండ్ల క్రిందట ఒక అవ్వ మనుమరాలి చేయి పట్టుకొని వచ్చింది. వయస్సు ఎనభై ఉంటుంది. కూర్చోగానే, "నాయిన పేరు ఎరుకే, ఊరి పేరు ఎరుకే. అమ్మ పేరే ఎరుక లేదు టీచరమ్మా" అన్నది. రజాకార్ల గడబిడలో ఊరు విడిచి పోతుండగా తల్లి త్రోవలో చనిపోయింది. తండ్రి ఈ పిల్లను మిషను బోర్డింగులో విడిచి పోయి మరల రాలేదు. బోర్డింగు పాఠశాల ప్రవేశపు రిజిస్టరులో 1948వ సంవత్సరపు పుటలో ఆమె పేరు ఉన్నది. వయస్సు ఆరు. తండ్రి పేరు ఉన్నది. తల్లి పేరు వ్రాయవలసిన గడిలో "లేదు" అని ఉన్నది. తల్లి బ్రదికి లేదని వ్రాసినవారి భావము. అవ్వ మాత్రము డెబ్బది అయిదేండ్లుగా ఆ గడి లాగానే బ్రదికింది.

ఇక్కడ నాకు తెలిసిన త్రోవ కొంచెము చెప్పాలి. మొట్టమొదట ఇంటిలో అందరికంటె పెద్దవారిని కూర్చోబెట్టి ఇంటిపేరు, ఊరు, తాలూకా, పాత పేర్లు వ్రాసికొనండి. ఇది రేపటికి వాయిదా వేయవలసిన పని కాదు. తరువాత ఇంటి బైబిలు మొదటి పుటలు, సమాధి రాళ్ళు చూడండి. ఆ తరువాతనే రిజిస్టర్లు. మీ ఊరు ఏ మిషను క్రింద ఉండేదో ముందు తెలియాలి. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను 1879లో మొదలయింది. డోర్నకల్‌కు అజరయ్యగారు 1909లో వచ్చి, 1912లో బిషపు అయ్యారు. మెదక్, కరీంనగర్ వైపు వెస్లియన్ మిషను వారు పనిచేశారు. మిషను తెలియడము ఎందుకంటే, బాప్టిస్టు సంఘాలలో పసిబిడ్డలకు బాప్తిస్మము లేదు. అక్కడ పెద్దవారి బాప్తిస్మము, సంఘ సభ్యుల పట్టిక చూడాలి. అజరయ్యగారి సంఘాల వంటి చోట్ల శిశువుల బాప్తిస్మపు రిజిస్టరులో తల్లి పేరు, తండ్రి పేరు రెండూ దొరుకుతాయి.

జనన మరణ ధృవపత్రాలను నమ్ముకోవద్దు. వాటిని తప్పనిసరి చేస్తూ దేశమంతటికీ ఒకే చట్టము వచ్చింది 1969లోనే. బడి రిజిస్టరులోని పుట్టిన తేదీని అసలే నమ్మవద్దు. పిల్లవాడి చేయి తల మీదుగా తిప్పి చెవి అందితే అయిదేండ్లు అనుకొని, జూన్ ఒకటో తేదీ అని వ్రాసిన ఉపాధ్యాయులలో నేనూ ఒకదానిని. దేవుడు క్షమించును గాక. భూమి ఉన్న కుటుంబాలకు పహాణీలు ఉపయోగపడతాయి. వాటిలో ఫసలీ సంవత్సరము ఉంటే 590 కలపండి. ఫసలీ 1364 అంటే 1954-55. ఖాస్రా పహాణీ ఆ సంవత్సరానిదే. నైజాము నాటి ఫసలీ అక్టోబరు ఆరున మొదలయ్యేది గనుక మూడు నెలల తేడా గుర్తుంచుకోవాలని మా ఉర్దూ మాస్టారు పదే పదే చెబుతారు. జిల్లా పేరు చూసి కూడా మోసపోవద్దు. ఖమ్మము 1953 వరకు వరంగల్ జిల్లాలోనే ఉండేది. మా హనుమకొండకు జిల్లా పేరు వచ్చింది 2021లో.

మన పల్లెలలో ఈ పనికి వెనుకటినుండి మనుషులు ఉన్నారని మన పిల్లలకు తెలియదు. మాదిగవాడలకు డక్కలివారు వచ్చి జాంబపురాణము చెప్పి, ఇంటింటి వంశము ఏకరువు పెట్టేవారు. గొల్లలకు, రెడ్లకు పిచ్చకుంట్లవారు, కోయలకు డోలీలు ఉన్నారు. నా చిన్నతనములో మా సంఘ పెద్దలు డక్కలివారిని, పాత మతమువారని, వాడలోనికి రానియ్యలేదు. వారితోపాటు ఎన్ని పేర్లు వాడ బయటినుండే వెళ్ళిపోయాయో అని ఇప్పుడు అనుకుంటూ ఉంటాను.

సముద్రాల అవతల మనవారి సంగతి వింటే మీరు ఆశ్చర్యపడతారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి కూలీలను తీసికొని దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 వరకు ఆ నేటాలు దేశానికి 1,52,184 మంది వెళ్ళారు. వారిలో విశాఖపట్నము, గంజాము, గోదావరి జిల్లాల తెలుగువారు చాలామంది. 1903లో జాన్ రంగయ్యగారు నెల్లూరు నుండి వారికి సువార్తికుడుగా వెళ్ళి, ఆ సంవత్సరమే కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపించారు. ఓడ పట్టికలలో ప్రతివానికీ ఒక నెంబరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది మచ్చలు కూడా వ్రాశారు. అయితే ఊరి పేరు చెవికి ఎట్లా వినబడితే అట్లా పడింది. అక్కడ తాత పేరే మనుమల ఇంటిపేరు అయిపోయిన కుటుంబాలు ఉన్నాయి. ఇప్పుడు ఆ మనుమలు, మునిమనుమలు నెంబరు చేతబట్టుకొని వెదకుతున్నారు. మారిషస్‌లో మోకా అనే ఊరి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లోనూ వలస వచ్చినవారి రిజిస్టర్లు భద్రపరచి, వంశస్థులకు చూసిపెడుతున్నారు. అక్కడివారు పట్టిక చదవగలరు గాని, ఆ వంకర స్పెల్లింగులో ఉన్నది ఏ ఊరో చెప్పవలసినది మన పల్లెలోని టీచరే.

ఇంగ్లాండులో 1998లో ఒక సంఘముగా ఏర్పడినవారు, మన దేశములో బ్రదికిన తెల్లవారి బాప్తిస్మములు, వివాహములు, సమాధుల పట్టికలను ఇంటి దగ్గర కూర్చొని ఉచితముగా నకలు వ్రాస్తున్నారు. అమెరికాలో 2012లో లక్షకు పైగా స్వచ్ఛంద సేవకులు కలిసి 1940 నాటి జనాభా లెక్కలలోని 13 కోట్లకు పైగా పేర్లను కొద్ది నెలలలో ఎక్కించారు. ఒక పేరును ఇద్దరు వేరువేరుగా వ్రాసి, తేడా వస్తే మూడవవాడు చూడాలని వారు నియమము పెట్టుకున్నారు. ఆ నియమము నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది.

అవ్వ కోసము నేను ఆ పాస్టరేటు శిశు బాప్తిస్మపు రిజిస్టరు తిరగేశాను. 1936లో ఒక మగబిడ్డ. తండ్రి పేరు అదే, ఊరు అదే. తల్లి పేరు స్పష్టముగా ఉన్నది. ఇతడు అవ్వకు అన్న అనుకొని, ఆ సాయంత్రమే ఫోను చేయించి ఆ పేరు చెప్పాను. అవ్వ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత నా చేత ఆ పేరు మూడుసార్లు చెప్పించుకొన్నది. రెండు నెలలకు ఆ ఇంట మునిమనుమరాలు పుడితే ఆ పేరే పెట్టారు. నామకరణానికి నన్ను పిలిచి చీర పెట్టారు. ఉప్పొంగిపోయాను.

ఏడాదిన్నర తరువాత ఆ పాస్టరేటు సమాధుల రిజిస్టరుకు నకలు వ్రాస్తుండగా 1938వ సంవత్సరములో ఆ తల్లి పేరు కనబడింది. ఆ ఊరే, ఆ మగని పేరే. అవ్వ పుట్టింది 1942 ప్రాంతము. కాళ్ళ క్రింద నేల కదిలినట్లయింది. మరునాడు బోర్డింగు రిజిస్టరు మరల తెప్పించి చూస్తే, అవ్వ పేరు ప్రక్క అంచున, పెన్సిలుతో, మాసిపోయి, పాత పేరు ఒకటి వ్రాసి ఉన్నది. బోర్డింగులో దొరసాని కొత్త పేరు పెట్టి ఉంటుంది. మొదటిసారి తొందరలో దానిని నేను చదవలేదు. ఆ పాత పేరుతో వెదకితే 1943లో దొరికింది. ఆ పిల్ల, ఆ తండ్రి, ఆ ఊరు, వేరొక తల్లి. ఆ పేరు ఏమిటో ఇక్కడ వ్రాయను. అది ఆ ఇంటి సొత్తు.

ఈ మాట మీద ఒక సంగతి. రిజిస్టరులో చూసినది ఆ కుటుంబానికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. కొన్నిటిలో కులము గడి ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు గనుక, రిజిస్టరు తెరవడమంటేనే భయపడే ఇండ్లు ఉన్నాయి. తండ్రి పేరు లేని బిడ్డలు ఉంటారు. రెండవ పెండ్లిండ్లు ఉంటాయి. నోరు అదుపులో లేనివారు ఈ పనికి రావద్దని నేను మొగమాటము లేకుండా చెబుతాను.

అవ్వకు చెప్పడానికి నాలుగు శనివారాలు వెనుకాడాను. ఉర్దూ మాస్టారు, "చెప్పకపోతే మీరు వ్రాసిన నకళ్ళన్నీ వట్టివే అమ్మా" అన్నారు. బస్సు ఎక్కి వెళ్ళాను. ఆ పాప వాకిట్లో ఆడుకొంటున్నది. అవ్వ మంచము ప్రక్కన కూర్చొని రెండు నకళ్ళూ చూపించి, జరిగినది జరిగినట్లు చెప్పి, తప్పు నాదేనన్నాను. మనుమరాలి ముఖము మాడిపోయింది. "పాపకు పేరు పెట్టుకుంటిమి కదా మేడం" అన్నది. ఆమె అన్నదానిలో తప్పేమీ లేదు.

అవ్వ కాసేపటికి, "ముందుగాల చెప్పిన ఆమె, మా నాయిన మొదటి పెండ్లామే అయి ఉండొచ్చు గద?" అని అడిగింది. కావచ్చు, లేదా ఆ ఊరిలో ఆ పేరుగల మగవారు ఇద్దరు ఉండవచ్చు, నేను చెప్పలేనన్నాను. "మొదటి పెండ్లామైతే నాకు పెద్దమ్మ అయితది. పాప పేరు ఉండనియ్యి" అన్నది. తరువాత తలగడ క్రిందినుండి బైబిలు తీయించి, మొదటి పుటలో తల్లి పేరు వ్రాయమన్నది. నేను పెన్ను తీశాను.

"పెన్నుతోటి వద్దు. ఇప్పటికి పెన్సిలుతోటి రాయి. మా నాయిన రెండో పెండ్లి ఏడనన్న రాసి ఉంటది కద, అది చూసి రా. అప్పుడు సిరాతోటి రాద్దువు" అన్నది.

ఆ వివాహముల రిజిస్టరు ప్రక్క పాస్టరేటులో ఉన్నదని తెలిసింది. అక్కడి కాపరిగారు నాట్లు అయిన తరువాత రమ్మన్నారు. ఈసారి నాతో ఉర్దూ మాస్టారూ వస్తానన్నారు. ఆయన ఒక పుట చదివితే నేను మరల చదవాలట.