ఖానాజంగీలో గెలిచినోడు లేడు

అంతర్యుద్ధాన్ని ఉర్దూలో ఖానాజంగీ అంటారు. ఖానా అంటే ఇల్లు. ఇంటివాళ్లే ఇంటివాళ్ల మీద చేసే జంగ్.

మాది ఎమ్మిగనూరు. జుమా రోజు ఆదోనిలో పని పడితే షాహీ జామియా మసీదులోనే నమాజ్ చదువుతాను. మొన్న నమాజ్ అయ్యాక సహన్‌లో కూర్చుంటే ఒక నౌజవాన్ అడిగాడు: "చాచా, ఈ మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ కిల్లాను మొగలులకు ఎందుకు అప్పజెప్పాడు? బుజ్‌దిలా?"

ఆ సవాల్‌కు జవాబు ఆదోనిలో లేదు బేటా, బీజాపూర్‌లో ఉంది అన్నాను.

1672లో రెండో అలీ ఆదిల్ షా ఇంతెఖాల్ అయ్యేనాటికి కొడుకు సికందర్‌కు నాలుగేళ్లు. తఖ్త్ మీద పసివాడు, హుకూమత్ వజీర్ చేతిలో. ఆ వజారత్ కోసం దర్బార్ రెండుగా చీలింది. ఒకవైపు దక్నీలు, హబ్షీలు. ఇంకోవైపు అఫ్ఘాన్లు. అందరిదీ ఒకే కలిమా, ఒకే కిబ్లా, ఒకే సుల్తాన్ ఉప్పు. 1675లో అఫ్ఘాన్ సర్దార్ బహ్లోల్ ఖాన్, హబ్షీ వజీర్ ఖవాస్ ఖాన్‌ను దావత్‌కు పిలిచి ఖైద్ చేశాడు. తర్వాత ఒక దక్నీ చేతిలో బహ్లోల్ మనిషి ఖిజ్ర్ ఖాన్ చచ్చాడు. దానికి బద్లాగా ఖవాస్ ఖాన్‌ను చంపించారు. ఖూన్‌కు ఖూన్. అప్పటినుంచి బీజాపూర్ సిపాయి తలవార్ బీజాపూర్ సిపాయి మీదకే లేచింది.

1677 చివర బహ్లోల్ ఖాన్ చనిపోయాడు. కర్నూలు సిద్ది జౌహర్ అల్లుడు, ఆదోని సర్దార్ సిద్ది మసూద్ ఖాన్ 1678లో వజీర్ అయ్యాడు. చూడబోతే దక్నీలే గెలిచినట్టు. కానీ ఆ సుల్హ్ ఎవరు కుదిర్చారు? మొగల్ సేనాపతి దిలేర్ ఖాన్. షర్తుల్లో రెండు: బహ్లోల్ ఖాన్ బాకీలు మసూద్ తీర్చాలి, సుల్తాన్ అక్క పాద్షా బీబీని మొగల్ దర్బార్‌కు పంపాలి.

జంగ్ మలుపు తిరిగింది ఇక్కడే అని నా రాయ్. మైదానంలో కాదు, పంచాయితీలో. ఇంటి తగాదా తీర్చమని బయటి దుష్మన్‌ను పెద్దమనిషిగా కూర్చోబెట్టిన రోజే ఇల్లు పోయింది. తన్‌ఖాలు అందని అఫ్ఘాన్ సిపాయిలు లూటీకి దిగారు. 1679లో పాద్షా బీబీ షెహర్‌ను కాపాడాలని తనంతట తాను మొగల్ ఛావణీకి వెళ్లింది. అయినా దిలేర్ ఖాన్ బీజాపూర్ మీదకు వచ్చాడు. అప్పుడు మసూద్ మదత్ అడిగింది ఎవర్ని? బీజాపూర్‌కు పాత శత్రువైన శివాజీని.

1683లో మసూద్ విసిగిపోయి వజారత్ వదిలి ఆదోని చేరాడు. 1686 సెప్టెంబర్‌లో బీజాపూర్ ఔరంగజేబు పరమైంది. ఖానాజంగీ ఖతమైంది. దక్నీలు గెలవలేదు, అఫ్ఘాన్లు గెలవలేదు. కొట్లాడుకోవడానికి ఇల్లే మిగల్లేదు, అంతే.

1688లో ఫిరోజ్ జంగ్ ఆదోనిని ముట్టడించాడు. కిల్లా లొంగకపోతే తోపులను జామియా మసీదు వైపు తిప్పాడని, అది చూసి మసూద్ ఖాన్ కిల్లా తాళాలు ఇచ్చేశాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఆదోని ఇంతియాజ్‌గఢ్ అయింది. నా దృష్టిలో అది బుజ్‌దిలీ కాదు. ఆయన జిందగీలో సరైన ఫైసలా అదే. గమ్ ఏమిటంటే, పదేళ్లు ఆలస్యమైంది. మసీదు కోసం కిల్లా వదిలినవాడు, ముల్క్ కోసం అప్పుడే అఫ్ఘాన్ల ఎదుట కూర్చుని వాళ్ల తన్‌ఖా హిసాబ్ తేల్చి ఉంటే?

ఈ కథ ఇప్పుడెందుకంటే, మా మొహల్లా మసీదుకు నాలుగు దుకాణాలున్నాయి. వాటి కిరాయి లెక్కల మీద కమిటీ రెండైంది. నా సొంత తమ్ముడు అవతలి గ్రూపు. పోయిన ఈద్‌కు మేం గలే మిలలేదు. మా అమ్మ చేసిన షీర్ ఖుర్మా రెండు ఇళ్లకు రెండు డబ్బాల్లో పోయింది. ఇప్పుడు మావాళ్లు ఒక లీడర్ దగ్గరికి పోదామంటున్నారు, వాళ్లు ఇంకో లీడర్ దగ్గరికి. వాళ్లూ దిలేర్ ఖాన్ లాగే వస్తారు, షర్తులతో వస్తారు.

ఖౌమ్ ఇత్తెహాద్ అని తఖ్రీర్లు చాలా విన్నాం. ఇత్తెహాద్ అంటే నోరు మూసుకోవడం కాదు. హిసాబ్ అడగడం హక్, చెప్పడం ఫర్జ్. మసీదు సొమ్ము అమానత్. నాలుగు దుకాణాల రసీదులు సహన్‌లో పరిచి, రెండు గ్రూపులూ ఎదురెదురుగా కూర్చుంటే ఒక మగ్రిబ్ నుంచి ఇషా దాకా చాలు.

వచ్చే జుమాకు రసీదుల సంచి నేనే తీసుకుపోతాను. కానీ ముందు తమ్ముడి ఇంటికి పోయి సలాం చెప్పాలి. పెద్దవాణ్ని కదా, మొదటి సలాం నాదే కావాలి.