వార్డెన్ సంతకం సమ్మతి కాదు

ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్‌లో, సయోటో నది పక్కనున్న పార్కులో, సున్నపురాతి పలకలు పేర్చి కట్టిన పన్నెండడుగుల తల ఒకటి ఉంది. వారాంతాల్లో మన పిల్లలు దాని దగ్గర నిలబడి ఫోటోలు దిగుతుంటారు. అది వయాండాట్ తెగ పెద్ద లెదర్‌లిప్స్ స్మారకం. 1810 జూన్‌లో ఆయన ఈ నేల మీదే ప్రాణం విడిచాడు. మరో ముప్పై మూడేళ్లకు, 1843లో, ఆ తెగలో మిగిలినవారు ప్రభుత్వ ఒత్తిడికి తలొగ్గి ఒహాయో విడిచి కాన్సాస్‌కు తరలిపోయారు. అక్కడికి చేరిన కొద్ది నెలల్లోనే జబ్బులతో ఎందరో కన్నుమూశారు. ఈ రోజు ఒహాయోలో ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన తెగ ఒక్కటీ లేదు. అంతమాత్రాన ఇక్కడ ఆదివాసులు లేరనుకోకూడదు. పక్కనే ఉన్న కొలంబస్‌లో 1975 నుంచి వారి కేంద్రం నడుస్తోంది.

ఇదే డబ్లిన్‌లో కార్డినల్ హెల్త్ ప్రధాన కార్యాలయం ఉంది. అమెరికాలో మందుల్ని టోకున పంపిణీ చేసే మూడు పెద్ద కంపెనీల్లో అదొకటి. ఓపియాయిడ్ నొప్పి మాత్రలు అదుపు లేకుండా తమ ఊళ్లలోకి వచ్చిపడ్డాయని నాలుగు వందలకు పైగా తెగలు, తెగల సంఘాలు కోర్టులకెక్కాయి. 2022 ఫిబ్రవరిలో ఈ మూడు కంపెనీలూ ఏడేళ్లలో దాదాపు 44 కోట్ల డాలర్లు, జాన్సన్ అండ్ జాన్సన్ రెండేళ్లలో 15 కోట్ల డాలర్లు తెగలకు చెల్లించడానికి అంగీకరించాయి. కంపెనీలు తప్పు ఒప్పుకోలేదు, కేసులు మాత్రం రాజీతో ముగించుకున్నాయి. ఆ రాజీలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే అంశం ఒకటుంది. వ్యసనం నుంచి మనుషుల్ని బయటపడేసే పనిలో తెగలు తమ సంప్రదాయ వైద్యానికీ, ఆచారాలకూ ఆ డబ్బు వాడుకోవచ్చు. రోగాన్ని ఎలా నయం చేసుకోవాలో చెప్పే హక్కు రోగం బారిన పడ్డవారికే దక్కింది.

ఆ హక్కు కోర్టుకెక్కితేనే దక్కే పరిస్థితి పోవాలి. ఆదివాసుల ఆరోగ్యంపై జరిగే ప్రతి పరిశోధనకూ, నడిచే ప్రతి పథకానికీ అది మొదటి షరతు కావాలి. వారి అనుమతి లేని పరిశోధన జరగకూడదు. వైద్యం వెంట తీసుకురాని సర్వే ఊళ్లో అడుగుపెట్టకూడదు. ఇదే మా పత్రిక అభిప్రాయం. అమెరికాకే కాదు, మన ఏజెన్సీ ప్రాంతాలకూ ఇదే వర్తిస్తుంది.

అంతరం ఎంతుందో చూపే లెక్కలకు కొదవ లేదు. 2019లో అమెరికా ఆదివాసుల సగటు ఆయుర్దాయం 71.8 ఏళ్లు. కరోనా దెబ్బకు 2021లో అది 65.2కు పడిపోయింది. రెండేళ్లలో ఆరున్నరేళ్ల ఆయువు హరించుకుపోయింది. 2022లో మత్తుమందుల మోతాదు మించి చనిపోయినవారు దేశం మొత్తం మీద లక్షకు 32.6 మంది అయితే, ఆదివాసుల్లో 65.2 మంది. సరిగ్గా రెట్టింపు.

దీనికి వారి రక్తాన్నో, అలవాట్లనో తప్పుపట్టేవారు ముందు ఖర్చు లెక్క చూడాలి. ఒప్పందాల ద్వారా తెగలు భూములు వదులుకున్నాయి. బదులుగా వైద్యం అందించే బాధ్యతను అమెరికా ప్రభుత్వం తలకెత్తుకుంది. అంటే ఆ వైద్యానికి వాళ్లు ముందే భూమి రూపంలో వెల చెల్లించారు. 2017లో ఆదివాసీ ఆరోగ్య సేవల శాఖ ఒక్కొక్కరి మీద పెట్టిన ఖర్చు 4,078 డాలర్లు. అదే ఏడాది వృద్ధుల మెడికేర్ కింద తలకు 13,185 డాలర్లు, మాజీ సైనికుల వైద్యానికి 10,692 డాలర్లు ఖర్చయ్యాయి. ఆదివాసుల్లో ఎక్కువమంది ఇప్పుడు పట్టణాల్లో ఉంటున్నారు. పట్టణ ఆదివాసుల సేవలకు ఆ శాఖ బడ్జెట్‌లో వచ్చేది దాదాపు ఒక్క శాతమే. ఆసుపత్రికి డబ్బివ్వకుండా జబ్బును మాత్రం మళ్లీ మళ్లీ కొలవడం వల్ల ఎవరికి మేలు?

కొలిచే పేరుతో జరిగిన అన్యాయాలూ తక్కువ కాదు. గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున హవసుపాయ్ అనే చిన్న తెగ ఉంది. మధుమేహం వారిని పీడిస్తోంది. దాని కారణం తెలుసుకుంటామంటే 1990లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. తర్వాత అదే రక్తాన్ని స్కిజోఫ్రీనియా మీద, మేనరికాల మీద, వారి పూర్వీకులు ఎక్కడినుంచి వచ్చారన్న దాని మీద పరిశోధనలకు వాడారు. తాము ఆ లోయలోనే పుట్టామన్న నమ్మకం మీద బతికే తెగ అది. తమ రక్తాన్నే తమ నమ్మకానికి ఎదురు సాక్ష్యంగా నిలబెట్టారని తెలిశాక వారు కోర్టుకు వెళ్లారు. 2010 ఏప్రిల్‌లో యూనివర్సిటీ దిగివచ్చింది. 41 మందికి ఏడు లక్షల డాలర్లు చెల్లించడానికీ, మిగిలిన నమూనాలు తిరిగి ఇవ్వడానికీ ఒప్పుకుంది. తెగవారు వెళ్లి తమ రక్తాన్ని ఇంటికి తెచ్చుకున్నారు.

సరిగ్గా ఆ నెలలోనే, 2010 ఏప్రిల్‌లో, మన ఖమ్మం జిల్లాలో మరో అధ్యయనం అర్ధాంతరంగా ఆగింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను అమెరికన్ సంస్థ పాత్, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి 2009 జూలై నుంచి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేయించాయి. సుమారు పద్నాలుగు వేలమంది. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో ఆందోళన రేగి కేంద్రం అధ్యయనాన్ని నిలిపేసింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ సంఘం చెప్పలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరు మీద పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ప్రభుత్వాలను నిలదీసింది. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు. మరో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి.

వార్డెన్ ఆ పిల్లకు అన్నం పెట్టగలడు, హాజరు వేయగలడు. ఆమె శరీరం మీద జరిగే అధ్యయనానికి తల్లిదండ్రుల స్థానంలో కూర్చుని సరేననే అధికారం ఆయనకు ఎవరిచ్చారు? కోయ భాష తప్ప మరోటి రాని తల్లికి ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. హెచ్‌పీవీ టీకా మంచి టీకా. క్యాన్సర్ నుంచి లక్షలమంది స్త్రీలను కాపాడగల మందు అది. తప్పు మందుది కాదు, వేసిన పద్ధతిది. ఆ తప్పుకు మూల్యం కూడా ఆడవాళ్లే చెల్లించారు. ఆ టీకా పేరెత్తితే ఏళ్ల తరబడి అనుమానం ముందు నిలిచింది. అడగకుండా వేసిన సూది ఒక ఊరి నమ్మకాన్ని పోగొడుతుంది. పోయిన నమ్మకాన్ని తిరిగి తేవడానికి ఏ ప్రయోగశాలలోనూ మందు లేదు.

ఇన్ని అనుమతులంటే పరిశోధన ముందుకు సాగదని కొందరు శాస్త్రవేత్తలు వాదిస్తారు. అనుభవం అందుకు విరుద్ధంగా ఉంది. నవాహో తెగ 2002లో తమ నేల మీద జన్యు పరిశోధనలను నిలిపేసింది. అదే తెగ, పాత యురేనియం గనుల విషం గర్భిణులకూ శిశువులకూ ఎంత హాని చేస్తోందో తేల్చే పెద్ద అధ్యయనానికి తలుపులు తెరిచింది. తమ ప్రశ్నకు జవాబు వెతికే పని గనుక ముందుకొచ్చింది. మధుమేహం విషయం చూడండి. 1997లో అమెరికా కాంగ్రెస్ ఆదివాసుల కోసం ప్రత్యేక మధుమేహ కార్యక్రమం మొదలుపెట్టి, స్థానిక అవసరాలను బట్టి దాన్ని నడుపుకునే వీలు తెగలకే ఇచ్చింది. 1996 నుంచి 2013 మధ్య మధుమేహం వల్ల మూత్రపిండాలు విఫలమయ్యే రేటు ఆదివాసుల్లో 54 శాతం తగ్గింది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని గడ్చిరోలి ఉంది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పురిటి బిడ్డలను ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతి నేర్పారు. నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన వారి అధ్యయనం నిరూపించింది. తరువాత ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పసిబిడ్డలను చూసే పథకానికి అదే పునాది అయింది. అక్కడ కొలవడం, కాపాడడం ఒకే చేతి మీదుగా సాగాయి. పరిశోధన అంటే అదీ.

ఈ అవసరం ఇంకా తీరలేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు చనిపోయే పిల్లలు వెయ్యికి 41.9 మంది, గిరిజనుల్లో 50.3 మంది. నొప్పులు పడుతున్న గర్భిణిని డోలీ కట్టి కొండ దింపే దృశ్యం పాడేరు, అరకు వైపు నేటికీ కనిపిస్తోంది. మరోపక్క సికిల్ సెల్ రక్తహీనతను 2047 నాటికి రూపుమాపుతామంటూ 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం ఏడు కోట్లమందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. లక్ష్యం మంచిదే. కానీ జన్యువుకు సంబంధించిన ఫలితాన్ని కార్డు మీద రాసి చేతిలో పెట్టేటప్పుడు దాని అర్థం గోండిలో, కోయలో, కొలామీలో విడమరచి చెప్పే మనిషి ఉండాలి. ఆ కార్డు పెళ్లి సంబంధాన్ని చెడగొట్టే కాగితం కాకుండా చూడాలి. జబ్బు ఉందని తేలిన బిడ్డకు హైడ్రాక్సీయూరియా మాత్రలు నెలనెలా దగ్గరి పీహెచ్‌సీలో దొరకాలి. ఇవేవీ లేకుండా పరీక్షల సంఖ్య పెంచి చూపితే అది వైద్యం అనిపించుకోదు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము గట్టిగా కోరుతున్నాం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఏ ఆరోగ్య పరిశోధన జరిగినా గ్రామసభ ముందు పెట్టండి. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చిన గౌరవాన్ని ఈ విషయంలోనూ నిలబెట్టండి. ఊరికి ఊరి భాషలోనే వివరించండి. వద్దనే హక్కు, మధ్యలో తప్పుకునే హక్కు రాతపూర్వకంగా ఇవ్వండి. మైనర్ పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి వార్డెన్, హెడ్‌మాస్టర్ సంతకాలు ప్రత్యామ్నాయం కావని ఉత్తర్వు జారీ చేయండి. సేకరించిన సమాచారం మొదట ఆ ఊరికే చేరాలి. అధ్యయనంలో జబ్బు బయటపడితే చికిత్స ఖర్చు అధ్యయనం చేసినవారే భరించాలి. అన్నిటికీ ముందు ఏజెన్సీ ఆసుపత్రుల్లో ఖాళీగా ఉన్న డాక్టరు, నర్సు పోస్టులు నింపండి.

డబ్లిన్‌లోని మన వాళ్లకు కూడా ఇందులో బాధ్యత ఉంది. ఈ ఊళ్లో, చుట్టుపక్కల ఆసుపత్రుల్లో, మందుల కంపెనీల్లో, యూనివర్సిటీల్లో మనవాళ్లు డాక్టర్లుగా, గణాంక నిపుణులుగా, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లుగా పనిచేస్తున్నారు. ఆదివాసుల పేరు మీద ఉన్న డేటా మన చేతికి వచ్చినప్పుడు, దీనికి వారు ఒప్పుకున్నారా, ఏ పనికి ఒప్పుకున్నారు అని అడగడం మన వృత్తి ధర్మం. మన సంఘాలు వేసవి సెలవుల్లో స్వదేశం వెళ్లి గిరిజన గ్రామాల్లో ఒకరోజు వైద్య శిబిరాలు పెడుతుంటాయి. వారి మనసు మంచిది. కానీ ఆ ఒక్కరోజుకు పెట్టే ఖర్చుతో ఒక నర్సు జీతమో, ఒక అంబులెన్స్ డీజిలో ఏడాదంతా భరిస్తే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి. ఏం కావాలో ముందు ఆ ఊరినే అడగండి.

2009లో భద్రాచలంలో సూది వేయించుకున్న ఆ ఆడపిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. వారిలో చాలామంది తల్లులై ఉంటారు. రేపు వాళ్ల బిడ్డల దగ్గరికి ఎవరు ఏ మందు తీసుకువెళ్లినా, ముందు ఆ తల్లి ఎదుట కూర్చుని ఆమె భాషలో మాట్లాడాలి. ఆమె అడిగినవాటికి జవాబు చెప్పాలి. సరేనంటే వెయ్యాలి. వద్దంటే మందు సర్దుకుని వెనుదిరగాలి.