గ్లూకోజు సీసా అన్నం కాదు

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషికి ముక్కులో గొట్టం వేశారంటే ఇక ఆశ లేదనుకునేవారు పల్లెల్లో నేటికీ ఎందరో ఉన్నారు. గొట్టం తీసేయమని డాక్టర్లను బతిమాలేవారూ ఉన్నారు. చేతికి గ్లూకోజు ఎక్కుతోంది గదా, అది చాలదా అన్నది వారి వాదన. చాలదు.

అర లీటరు మామూలు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. అంటే వంద కేలరీల లోపే. 60 కిలోల మనిషికి రోజుకు 1500 కేలరీలైనా కావాలి. మాంసకృత్తులు ఆ సీసాలో బొత్తిగా లేవు. పైగా తల దెబ్బతిన్న మనిషి కదలక పడి ఉన్నా ఒంట్లో ఖర్చు మామూలు కంటే పెరుగుతుంది. తిండి అందకపోతే శరీరం సొంత కండనే కరిగించుకుంటుంది. కండ కరిగితే దగ్గే శక్తి పోతుంది, న్యుమోనియా వస్తుంది, వీపున పుండ్లు పడతాయి.

అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో తలకు తీవ్ర గాయాలైన 797 మందిని పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. అయిదు రోజుల్లోగా ఆహారం అందనివారికి ప్రాణాపాయం రెండింతలు, ఏడు రోజుల్లోగా అందనివారికి నాలుగింతలు ఉన్నట్లు తేలింది. అందుకే రక్తపోటు నిలకడగా ఉండి కడుపు పనిచేస్తుంటే తొలి ఒకటి రెండు రోజుల్లోనే గొట్టం ద్వారా ఆహారం మొదలుపెడతారు. పుర్రె అడుగు ఎముక విరిగితే గొట్టాన్ని ముక్కుకు బదులు నోటి ద్వారా వేస్తారు.

జాలిపడి కాఫీయో కొబ్బరినీళ్లో చెంచాతో నోట్లో పోయడం మహా ప్రమాదం. స్పృహ లేని మనిషి మింగలేడు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గొట్టంతోనే ఇంటికి పంపినప్పుడు భారమంతా ఇంటి ఆడవారి మీద పడుతోంది. తలవైపు ఎత్తు చేసి, గొట్టం మీది గుర్తు జరగలేదని చూసుకున్నాకే ఆహారం పోయాలి. ఉండలు లేకుండా వడకట్టిన ఆహారాన్ని డాక్టరు చెప్పిన కొలత ప్రకారం నెమ్మదిగా పోసి, ఆ తర్వాత మంచినీళ్లతో గొట్టం కడగాలి. మరో అరగంటయినా రోగిని పడుకోబెట్టరాదు. దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. గొట్టం ఊడితే ఇంట్లో తిరిగి దూర్చరాదు.

ఇవేవీ తెలియకపోవడం పల్లె జనం తప్పు కాదు. చెప్పవలసినవారు చెప్పడం లేదు. మందుల చీటీ చేతిలో పెట్టి పంపితే సరిపోదు. ఏమి పోయాలో, ఎంత పోయాలో, ఎన్నిసార్లు పోయాలో తెలుగులో రాసిచ్చి, నర్సు సమక్షంలో ఇంటివారి చేత ఒకసారి చేయించి మరీ పంపాలి. ఊరికి చేరాక ఏఎన్ఎం వారానికొకసారైనా చూసి రావాలి. దీనికి కొత్త భవనాలు అక్కరలేదు, కోట్ల నిధులు అక్కరలేదు. ఆపరేషను చేసి నిలబెట్టిన ప్రాణాన్ని ఆకలికి వదిలేయరాదన్న పట్టుదల ఉంటే చాలు. జిల్లా ఆరోగ్య శాఖ అధికారులు ఈ దిశగా వెంటనే కదలాలి.